మొలక గింజల చరిత్ర: ఓడల నుంచి విశాఖ తీరం దాకా

ఎండు గింజ ఏళ్ళ తరబడి నిల్వ ఉంటుంది. తడి తగిలితే ఒక్క రోజులో దాని గుణం మారిపోతుంది. ధాన్యాన్ని, పప్పుగింజలను, మెంతుల వంటి మందు దినుసులను మొలకెత్తించి తినే అలవాటు ఈ మార్పు మీదే ఆధారపడి ఉంది. దీని చరిత్రలో మూడు పాయలున్నాయి. ఒకటి, ఆకుకూర దొరకని దూర సముద్ర ప్రయాణాల్లో పుట్టిన జబ్బులది. రెండోది, మరపట్టిన బియ్యం తిన్న తీర ప్రాంతాల్లో పుట్టిన జబ్బులది. మూడోది, పసిపిల్లలకు, నీరసించిన వారికి తేలికైన జావ కాచి పోసే ఇంటి వైద్యానిది. ఈ మూడూ విశాఖపట్నం తీరాన్ని తాకాయి. పట్టణానికి ఓడలు వచ్చిపోయిన కాలం, ఉత్తర సర్కార్లలో బెరిబెరి వ్యాపించిన కాలం, ఫిషింగ్ హార్బర్ నుంచి మర పడవలు రోజుల తరబడి వేటకు వెళ్ళే నేటి కాలం కలిపి చూస్తేనే మొలక విలువ ఎంతో, ఎక్కడితో ఆగుతుందో తెలుస్తుంది.

గింజ లోపల జరిగేది

గింజలో ఒక చిన్న మొక్క, దాని దారి బత్తెం కలిసే ఉంటాయి. పిండిపదార్థం, మాంసకృత్తులు, నూనె, భాస్వరం ఆ బత్తెం. ఎండి ఉన్నంతకాలం ఇవి కదలవు. నీళ్ళు పీల్చగానే ఎంజైములు పనికి దిగుతాయి. అమైలేజు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడుతుంది. ప్రోటియేజులు మాంసకృత్తులను చిన్న ముక్కలు చేస్తాయి. ఫైటేజు అనే ఎంజైము ఫైటిక్ ఆమ్లాన్ని విడగొట్టి భాస్వరాన్ని మొలకకు అందిస్తుంది. ఇనుము, జింకు, కాల్షియం మన పేగుల్లోకి ఇంకకుండా పట్టి ఉంచేది ఆ ఫైటిక్ ఆమ్లమే కాబట్టి, అది తగ్గిన కొద్దీ ఆ ఖనిజాలు ఒంటికి ఎక్కువగా పడతాయి. పప్పుగింజల్లో కడుపుబ్బరానికి కారణమయ్యే రాఫినోజు, స్టాకియోజు అనే చక్కెరలు మొలక ఎదుగుదలలో ఖర్చయిపోతాయి. ఎండు గింజలో దాదాపు లేని సి విటమిన్ కొత్తగా తయారవుతుంది.

లెక్కలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఎండు పెసలు 100 గ్రాముల్లో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులుంటే, అదే తూకం పెసర మొలకల్లో 3 గ్రాములే ఉంటాయి. మాంసకృత్తులు ఎక్కడికీ పోవు. మొలక తూకంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి లెక్క అలా కనిపిస్తుంది. పైగా ఎదిగే మొలక ఊపిరి పీల్చుకుంటూ కొంత పిండిపదార్థాన్ని ఖర్చు చేస్తుంది. 100 గ్రాముల పచ్చి పెసర మొలకల్లో సి విటమిన్ సుమారు 13 మిల్లీగ్రాములు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం వయసొచ్చిన మగవారికి రోజుకు 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు కావాలి. అంటే ఒక కప్పు మొలకలతో ఆ అవసరంలో ఐదో వంతో, ఆరో వంతో తీరుతుంది.

మొలకెత్తడం వల్ల వచ్చే మేలు రెండు రకాలు. సి విటమిన్ మొలక పచ్చిగా ఉన్నంతసేపే ఉంటుంది. ఎండబెడితే, వేయిస్తే, బాగా ఉడికిస్తే చాలావరకు పోతుంది. ఎంజైముల బలం, ఫైటిక్ ఆమ్లం తగ్గుదల, సులువుగా అరిగే గుణం జాగ్రత్తగా ఎండబెట్టిన పిండిలో కూడా నిలుస్తాయి. ఈ తేడా తెలియక ఓడల మీద చాలాకాలం పొరపాటు సాగింది. అది తెలిశాక మొలకకు వైద్యంలో సరైన చోటు దొరికింది.

పాత గ్రంథాలు, పండుగల శనగలు

ప్రాచీన వైద్యులు మొలకను ఏకగ్రీవంగా మెచ్చుకోలేదు. వాగ్భటుడి అష్టాంగ హృదయం సూత్రస్థానంలో రోజూ అలవాటుగా తినకూడని వాటి జాబితా ఒకటుంది. మినుములు, పిండి పదార్థాలు, ఎండు కూరలతో పాటు విరూఢకం, అంటే మొలకెత్తిన ధాన్యం కూడా అందులో కనిపిస్తుంది. ఆయుర్వేదం దాన్ని గురువుగా, అరుగుదలకు బరువుగా లెక్కించింది. పచ్చి మొలకల్లో మాంసకృత్తుల అరుగుదలను అడ్డగించే పదార్థాలు కొంత మిగిలే ఉంటాయి కాబట్టి, జీర్ణశక్తి తక్కువ ఉన్నవారి విషయంలో ఆ హెచ్చరిక నేటికీ పనికొస్తుంది. చైనాలో దారి వేరు. అక్కడి ప్రాచీన మూలికా గ్రంథం షెన్నోంగ్ బెన్‌త్సావ్ జింగ్ సోయా మొలకలను ఎండబెట్టి మందుగా వాడాలని చెప్పింది.

తెలుగు ఇళ్ళలో మొలక ముందుగా పూజలో కనిపిస్తుంది. పెళ్ళిళ్ళలో, దేవాలయ ఉత్సవాల్లో అంకురార్పణ చేసి, మట్టి పాలికల్లో నవధాన్యాలు చల్లి మొలిపిస్తారు. ఆ మొలకలను తినరు. తంతు ముగిశాక నీళ్ళలో కలుపుతారు. శ్రావణ మాసపు నోముల్లో ముత్తైదువలకు వాయనంగా ఇచ్చే నానబెట్టిన శనగల దారి వేరు. రాత్రి నానబోసి నీళ్ళు వంచిన శనగలకు తెల్లారేసరికి ముక్కు పొడుచుకొస్తుంది. ఇళ్ళకు చేరాక వాటికి తాలింపు పెడతారు. శ్రీరామనవమి వడపప్పుకు వాడే పెసరపప్పు మాత్రం పొట్టు తీసి బద్దలు చేసినది కాబట్టి నానుతుంది గానీ మొలకెత్తదు. గుండు గింజకూ బద్దకూ మధ్య ఉన్న ఈ తేడా తర్వాతి చరిత్రలో ప్రాణాల మీదికి వచ్చింది.

ఓడల మీద

స్కర్వీ దూర ప్రయాణాల జబ్బు. నెల రెండు నెలలు సి విటమిన్ అందకపోతే చిగుళ్ళు వాచి రక్తం కారుతుంది, పాత గాయాలు తిరగబెడతాయి, కాళ్ళ మీద నల్లని మచ్చలు పడతాయి, నడవలేనంత నీరసం వస్తుంది. ఉప్పు మాంసం, ఎండు రొట్టెల మీద బతికిన ఐరోపా నావికులు వేల సంఖ్యలో దీనికి బలయ్యారు. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు సాల్స్‌బరీ అనే ఓడ మీద 12 మంది రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరూ త్వరగా కోలుకున్నారు. అంత స్పష్టమైన ఫలితం వచ్చినా బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసాన్ని రేషన్‌గా ఆమోదించడానికి 1795 దాకా పట్టింది.

ఆ జాప్యానికి ఒక కారణం మొలకే. బార్లీని మొలకెత్తించి, బట్టీలో ఎండబెడితే మాల్టు తయారవుతుంది. సారా కాచేవారికి అది పాత సరుకు. దాన్ని వేడినీళ్ళలో నానబెట్టి తీసిన తీపి కషాయం శరీరంలో పులిసి స్కర్వీని నయం చేస్తుందని డేవిడ్ మాక్‌బ్రైడ్ అనే వైద్యుడు వాదించాడు. 1768 నుంచి 1771 వరకు ఎండీవర్ ఓడ మీద భూమిని చుట్టివచ్చిన కెప్టెన్ జేమ్స్ కుక్ ఆ కషాయాన్ని వాడి, దాన్ని గట్టిగా మెచ్చుకున్నాడు. నిజానికి కుక్ మనుషులు ఆరోగ్యంగా ఉండడానికి కారణం, అతడు దిగిన ప్రతి రేవులో పచ్చి ఆకులు, పండ్లు సేకరించి బలవంతంగానైనా తినిపించడం. మొలకెత్తినప్పుడు బార్లీలో పుట్టిన సి విటమిన్ బట్టీ వేడికి ముందే పోయింది. మొలక సరైనదే, దాన్ని వాడిన తీరు తప్పు. కుక్ మాట మీద నమ్మకంతో మాల్టు ఓడల మందుపెట్టెల్లో చాలాకాలం ఉండిపోయింది.

విశాఖ తీరం ఆ ఓడల దారిలోనే ఉండేది. ఈస్టిండియా కంపెనీ ఇక్కడ 1682లో వర్తక స్థావరం పెట్టింది; భీమునిపట్నంలో డచ్చివారు అంతకుముందే ఉన్నారు. 1933లో రేవు తెరుచుకునే దాకా పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. సరుకులను, మనుషులను చిన్న పడవలు చేరవేసేవి. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ తీరంలోని రేవుల నుంచి వేలాది తెలుగు కూలీలు బర్మాకు వెళ్ళారు. మద్రాసు నుంచి ఒప్పంద కూలీలతో నాటాల్‌కు బయలుదేరిన మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న అక్కడి డర్బన్ చేరింది. బియ్యం, పప్పు, ఎండు చేప, చింతపండు వంటి నిల్వ సరుకులే ఆ ప్రయాణాల తిండి. అందులోని పప్పు బద్ద చేసినది. దాన్ని ఎంత నానబెట్టినా మొలక రాదు, సి విటమిన్ రాదు.

కూట్ ముట్టడి, లండన్ ప్రయోగశాల

మొలక విలువ మొదటి ప్రపంచ యుద్ధంలో తేటతెల్లమైంది. 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ 29 దాకా మెసపొటేమియాలోని కూట్ పట్టణంలో బ్రిటిష్ ఇండియా సేన తుర్కుల ముట్టడిలో చిక్కుకుంది. ఒకే కోటలో రెండు జబ్బులు రెండు వర్గాలను పట్టుకున్నాయి. తెల్ల పిండి రొట్టెలు తిన్న బ్రిటిష్ సైనికులకు బెరిబెరి వచ్చింది. గోధుమ ఆటా, పప్పు తిన్న భారతీయ సైనికులు బెరిబెరిని తప్పించుకున్నారు. వారికి స్కర్వీ వచ్చింది. వారిలో చాలామంది ఆచారం అడ్డొచ్చి గుర్రపు మాంసం ముట్టలేదు, ఆకుకూర దొరకలేదు. ఆ ఏడాది మెసపొటేమియాలో వేలమంది భారతీయ సైనికులు స్కర్వీతో ఆసుపత్రుల పాలయ్యారు.

ఆ దుస్థితి లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తున్న హారియట్ చిక్ బృందం ముందుకు ఒక ప్రశ్నను తెచ్చింది. ఎడారిలో, ఓడలో నిమ్మకాయలు పాడైపోతాయి. పాడవని సరుకు నుంచే తాజా పచ్చదనాన్ని పుట్టించే వీలుందా? ఎండు గింజలు మొలకెత్తితే స్కర్వీని ఆపుతాయని నార్వేలో వాలెంటిన్ ఫ్యూర్స్ట్ 1912లోనే చూపించాడు. చిక్, ఎలెన్ మరియన్ డెల్ఫ్ కలిసి బఠాణీలను, మసూరు గింజలను 24 గంటలు నానబెట్టి, మరో 48 గంటలు మొలకెత్తించి గినీ పందులకు తినిపించారు. ఎండు గింజలు తిన్న జంతువులకు స్కర్వీ వచ్చింది, మొలకలు తిన్నవి నిలదొక్కుకున్నాయి. వారి ఫలితాలు 1919లో అచ్చయ్యాయి. అంతకు ముందటి ఏడాది సెర్బియా సైనికులకు చికిత్స చేసిన విల్ట్‌షైర్ అనే వైద్యుడు కొందరికి నిమ్మరసం, కొందరికి మొలకెత్తిన చిక్కుడు గింజలు ఇచ్చి, మొలకలు నిమ్మరసానికి ఏమాత్రం తీసిపోవని రాశాడు.

సేనకు అందిన సలహా మూడు ముక్కల్లో ఉంది. పప్పు బద్దలు వద్దు, పొట్టుతో ఉన్న గుండు గింజలే కావాలి. మొలక వచ్చాక ఎండబెట్టకూడదు. వండాల్సివస్తే కాసేపు మాత్రమే ఉడికించాలి. కుక్ కాలపు మాల్టు ఎందుకు విఫలమైందో ఈ మూడు ముక్కల్లోనే తెలుస్తుంది. 1928లో సెంట్-గ్యోర్గీ అనే శాస్త్రవేత్త వేరుచేసిన పదార్థమే సి విటమిన్ అని 1932లో రుజువయ్యాక కారణం పూర్తిగా అర్థమైంది. 1940 ప్రాంతంలో పంజాబులోని హిస్సార్ జిల్లాలో కరువు వచ్చి స్కర్వీ ప్రబలినప్పుడు, మొలకెత్తిన శనగలు పంచి దాన్ని అదుపు చేశారు. మందు దొరకని చోట, కూరగాయ పండని చోట, గుప్పెడు గుండు శనగలు, కుండెడు మంచినీళ్ళు చాలని ఆ కరువు నేర్పింది.

ఉత్తర సర్కార్ల బెరిబెరి, చోడి అంబలి

కూట్‌లో కనిపించిన రెండో జబ్బు బెరిబెరి. విశాఖపట్నం తీరానికి అది కొత్త కాదు. గంజాం నుంచి దక్షిణంగా సాగే ఉత్తర సర్కార్లలో బెరిబెరి పాతుకుపోయి ఉండేది. మద్రాసు సైన్యపు వైద్యుడు జె.జి. మాల్కంసన్ 1835లోనే దాని మీద పెద్ద వ్యాసం రాశాడు. కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, చివరికి గుండె ఆగిపోయే ఈ జబ్బుకు బి1 విటమిన్, అంటే థయమిన్ కొరత కారణం. దక్షిణాదిన చాలాచోట్ల ఉప్పుడు బియ్యం తినేవారు. ధాన్యాన్ని ఉడకబెట్టినప్పుడు తవుడులోని థయమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. సర్కార్లలో పచ్చి బియ్యం వాడకం ఎక్కువ. ధాన్యం మరలు వచ్చి తవుడును పూర్తిగా చెక్కేయడం మొదలయ్యాక కొరత ముదిరింది. బియ్యాన్ని పలుమార్లు కడగడం, గంజి వంచి పారబోయడం ఉన్న కాస్త థయమిన్‌నూ నీళ్ళపాలు చేశాయి.

1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన సంస్థ పేరు బెరిబెరి ఎంక్వైరీ. తర్వాత దానికి అధిపతిగా వచ్చిన డబ్ల్యు.ఆర్. అయ్‌క్రాయిడ్ బృందం సర్కార్లలోని బియ్యపు సమస్యను, తల్లిపాలలో థయమిన్ లేక పసికందులకు వచ్చే బెరిబెరిని పరిశీలించింది. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తెలుగు తీరపు జబ్బును పట్టుకుని ఎదిగిన విద్య చివరికి తెలుగు రాజధానికే చేరింది.

అదే కాలంలో, అదే తీరంలో, పేదల ముంతలో బెరిబెరికి విరుగుడు ఉండేది. ఉత్తరాంధ్రలో రాగుల్ని చోళ్ళు అంటారు. మరపట్టిన పచ్చి బియ్యం 100 గ్రాముల్లో థయమిన్ 0.05 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే, చోళ్ళలో 0.4 దగ్గర ఉంటుంది. కాల్షియం 340 నుంచి 360 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ధాన్యాల్లో ఇంత కాల్షియం మరెందులోనూ లేదు. చోడి పిండిని గంజిలోనో నీళ్ళలోనో కాచి, రాత్రంతా పులవనిచ్చి పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఎండు చేప నంజుకుని తాగే అంబలి కూలీలకు, రైతులకు, వేటకు పోయే జాలర్లకు కడుపు నింపింది. గంజిని పారబోయకుండా పులియబెట్టి తాగే తరవాణి కూడా బియ్యంలోని విటమిన్‌ను కాపాడింది. పులవడమూ మొలకెత్తడమూ వేర్వేరు పనులే అయినా, రెండూ ఫైటిక్ ఆమ్లాన్ని తగ్గిస్తాయి, రెండూ ఖనిజాలను ఒంటికి అందనిస్తాయి. చోళ్ళ మీద పరిశోధనకు విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన స్థానం పేరుపొందింది. చంపావతి, భారతి, వేగావతి వంటి రకాలు అక్కడివే.

మొలక చోళ్ళ పిండి

చోళ్ళను మొలకెత్తించి చేసే పిండినే ఇళ్ళలో రాగి మాల్టు అంటారు. చేసే పద్ధతి సులువైనదే, ఓపిక కావాలి. చోళ్ళను గాలించి మట్టి, రాళ్ళు తీసి, రెండు మూడు నీళ్ళు కడిగి, 12 గంటలకు తగ్గకుండా నానబెడతారు. నీళ్ళు వంచి తడి గుడ్డలో మూట కట్టి, మధ్యమధ్య నీళ్ళు చిలకరిస్తూ రెండు మూడు రోజులు ఉంచుతారు. మూట విప్పితే గింజ గింజకూ దారపు పోగంత తెల్లని వేరు కనిపిస్తుంది. ఎండబెట్టి, అరచేతులతో నలిపి, చాటలో చెరిగితే ఆ వేళ్ళు ఊకలా ఎగిరిపోతాయి. తర్వాత సన్నని సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, విసిరి, జల్లిస్తారు.

ఈ పిండిలో సి విటమిన్ మిగలదు. దీని గొప్పతనం అమైలేజులో ఉంది. మామూలు పిండితో జావ కాస్తే కాసేపటికే ముద్దకట్టి చిక్కబడుతుంది. పసిబిడ్డ మింగేలా పలుచన చేయాలంటే నీళ్ళు చాలా పోయాలి. చిన్న పొట్ట ఆ నీళ్ళతోనే నిండిపోతుంది, బలం మాత్రం అందదు. మొలక పిండిలోని అమైలేజు పిండిపదార్థపు పొడవాటి గొలుసులను తెంపుతుంది కాబట్టి, ఎక్కువ పిండి వేసినా జావ పలుచగానే ఉంటుంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో ఎన్.జి. మల్లేశి, హెచ్.ఎస్.ఆర్. దేశికాచార్ 1980ల్లో చోళ్ళ మాల్టు మీద చేసిన పని ఈ గుణాన్ని కొలిచి చూపింది. అదే దశాబ్దంలో టాంజానియాలో మొలక జొన్న పిండిని చిటికెడు కలిపి చిక్కటి జావను పలుచన చేసే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. ఇంట్లో పాటించాల్సిన మెలకువ ఒకటుంది. మొలక పిండిని మాడేలా వేయిస్తే, లేదా కుతకుత ఉడికే జావలో పోస్తే ఎంజైము చచ్చిపోతుంది. మామూలు పిండితో జావ కాచి దింపి, కొంచెం వేడి తగ్గాక ఒక చెంచా మొలక పిండి కలిపి తిప్పితే, చూస్తుండగానే జావ జారుగా మారుతుంది.

అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన 2023లో, మార్చి 21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో వారానికి మూడు రోజులు బెల్లం కలిపిన రాగి జావ ఇవ్వడం మొదలైంది. పేదల అంబలిగా పేరుపడ్డ చోళ్ళకు అలా బడిలో గౌరవం దక్కింది.

మెంతులు, ఇతర మందు గింజలు

మందు దినుసుల్లో మొలకెత్తించి తినడానికి ఎక్కువగా వాడేది మెంతులు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో ఆర్.డి. శర్మ, టి.సి. రఘురామ్ బృందం 1980ల్లో మొదలుపెట్టిన పరిశోధనలు మెంతుల పేరును ప్రపంచానికి తెలిపాయి. 1990లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఇన్సులిన్ మీద ఉన్న మధుమేహ రోగులకు నూనె తీసిన మెంతి పిండిని రోజుకు 100 గ్రాములు రెండు పూటలుగా ఇచ్చారు. పరగడుపు చక్కెర తగ్గింది, మూత్రంలో పోయే చక్కెర దాదాపు సగానికి పడింది, చెడు కొలెస్టరాల్ తగ్గింది. ఇంటి వాడకంలో ఎవరూ తినని మోతాదు అది అన్న సంగతి గుర్తుంచుకోవాలి.

మెంతుల బలంలో పెద్ద వాటా గెలాక్టోమానన్ అనే జిగురు పీచుది. గింజ బరువులో అది సుమారు పావు వంతు. నానిన మెంతుల చుట్టూ పట్టే జిగురు అదే. అది కడుపులో చక్కెర ఇంకడాన్ని నెమ్మది చేస్తుంది. అయితే గింజకు ఆ జిగురే నిల్వ తిండి కూడా. వేరు బయటికి వచ్చాక మొలక ఆ జిగురును కరిగించి తినేస్తుంది. అందుకే మొలక సాగే కొద్దీ మెంతుల చేదు తగ్గుతుంది, సి విటమిన్ పెరుగుతుంది, జిగురు పీచు తగ్గుతుంది. చక్కెర అదుపు కోసం తినేవారికి బాగా నానిన గింజ, లేదా అప్పుడే ముక్కు పొడిచిన గింజ మేలు; రుచి కోసం, పచ్చదనం కోసం తినేవారికి పొడవాటి మొలక బాగుంటుంది. మధుమేహానికి మందులు వాడేవారు మెంతులు ఎక్కువగా తింటే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి వైద్యుడికి చెప్పి తినాలి. గర్భిణులు పెద్ద మోతాదులో తినకూడదు.

ఉలవలను ఆయుర్వేదం మూత్రంలో రాళ్ళకు వాడింది; మొలకెత్తిస్తే వాటి కడుపుబ్బరం గుణం తగ్గుతుంది. ఆవాలు, ముల్లంగి, బ్రకోలి ఒకే కుటుంబం. బ్రకోలి మూడు రోజుల మొలకల్లో, క్యాన్సర్ కారకాలను ఒంట్లో విరగ్గొట్టే ఎంజైములను మేల్కొలిపే పదార్థపు ముడిసరుకు ముదిరిన బ్రకోలిలో కన్నా 10 నుంచి 100 రెట్లు ఉంటుందని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఫాహీ, తలలే బృందం 1997లో చూపింది. అది ప్రయోగశాలలో తేలిన గుణం. మొలకలతో క్యాన్సర్ నయమవుతుందని దాని అర్థం కాదు. అన్ని మొలకలూ అందరికీ మంచివి కావు. పశువుల మేతగా పెంచే లూసర్న్ గింజల్లో, మొలకల్లో కెనవనిన్ అనే పదార్థం ఉంటుంది. లూపస్ వ్యాధి ఉన్నవారు వాటికి దూరంగా ఉండాలి.

మొలకలోని ముప్పు

మొలకకు కావాల్సిన వెచ్చదనం, తడి సూక్ష్మజీవులకూ కావాలి. గింజ పొట్టు చీలికల్లో దాగిన కొద్దిపాటి బాక్టీరియా రెండు మూడు రోజుల్లో కోట్లకు పెరుగుతుంది. 1996లో జపాన్‌లోని సకాయ్ పట్టణంలో బడి భోజనం తిన్న వేలమంది పిల్లలు ఇ. కోలై రోగం పాలయ్యారు. అనుమానం ముల్లంగి మొలకల మీద పడింది. 2011లో జర్మనీలో ఇంకా పెద్ద విపత్తు జరిగింది. 3,000 మందికి పైగా జబ్బుపడ్డారు, సుమారు 50 మంది మరణించారు, వందల మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మొదట దోసకాయలను అనుమానించారు. చివరికి దారి మెంతి మొలకల దగ్గర తేలింది. 2009లో ఈజిప్టు నుంచి ఓడెక్కి ఐరోపా రేవులకు చేరిన మెంతుల సరుకు దానికి మూలమని ఐరోపా ఆహార భద్రతా సంస్థ విచారణ తేల్చింది. ఎండు గింజలో బాక్టీరియా ఏళ్ళ తరబడి నిద్రపోయి, తడి తగలగానే లేచింది.

అందుకే మంచినీటితోనే నానబెట్టాలి, పూటకోసారి కడగాలి, పాత్రలు, గుడ్డ మరిగించినవై ఉండాలి, జిగటగా మారినవి, వాసన వచ్చినవి పారేయాలి. చంటిపిల్లలు, గర్భిణులు, ముసలివారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పచ్చివి మాని ఆవిరి మీద ఉడికించినవే తినాలి. ఉడికితే సి విటమిన్ కొంత పోతుంది. ఎంజైముల బలం మినహా మిగతా మేలు పోదు.

ఫిషింగ్ హార్బర్‌లో

విశాఖ ఔటర్ హార్బర్ కట్టిన 1970ల్లోనే పక్కన ఫిషింగ్ హార్బర్ రూపుదిద్దుకుంది. పాబ్లో, రొయ్య, సొర్ర, సోనా అని పిలిచే మర పడవలు ఒకదాని తర్వాత ఒకటి పెద్దవవుతూ వచ్చాయి. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే వేట కాస్తా ఐస్ నింపుకుని వారం, పది, పదిహేను రోజులు సముద్రం మీదే ఉండే వేటగా మారింది. డీజిలు, ఐసు, మంచినీళ్ళ డ్రమ్ములు, బియ్యం, పప్పు, ఉల్లిపాయలు, మిరపకాయలు ఎక్కించి పడవ జెట్టీ వదులుతుంది. చేప పుష్కలంగా ఉంటుంది. మాంసకృత్తులకు, బి12 విటమిన్‌కు కొదవ లేదు. తక్కువయ్యేది ఆకుకూర, పండు, పీచు.

రెండు వారాల వేటలో స్కర్వీ రాదు. ఒంట్లోని సి విటమిన్ నిల్వలు నెలకు పైగా ఆదుకుంటాయి. నాలుగు నిమ్మకాయలు, గుప్పెడు పచ్చిమిరపకాయలు ఆ లోటును మొలకల కంటే సులువుగా తీరుస్తాయి. పడవ మీద మొలకెత్తించడానికి మూడు అడ్డంకులున్నాయి. సముద్రపు నీటి ఉప్పు గింజను మొలకెత్తనివ్వదు. పూటపూటా కడగడానికి కావాల్సిన మంచినీరు డ్రమ్ముల్లో లెక్కగా ఉంటుంది. డెక్కు మీది వేడికి, చేపల తడికి మొలక త్వరగా కుళ్ళుతుంది. చేపల మీది ఐసులో మొలకలు దాచడం జబ్బును పిలిచినట్టే. ఒడ్డున నానబెట్టి, ముక్కు పొడిచిన శనగలో పెసలో మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో ఎక్కించి, మొదటి రెండు రోజుల్లో అన్నంతో కాస్త ఉడికించి తినడం కుదిరే పని. ఆ తర్వాతి రోజులకు ఎండు రూపమే తగినది. మొలక చోళ్ళ పిండి నెల రోజులైనా చెడదు, తక్కువ నీటితో జావ అవుతుంది, తెల్ల అన్నంలో లేని థయమిన్, కాల్షియం, పీచు ఇస్తుంది.

హార్బర్‌కు కొద్ది దూరంలో బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున నడకకు వచ్చేవారికి పెసర మొలకలు, రాగి జావ అమ్మే బళ్ళు నిలబడతాయి. అక్కడ పచ్చి మొలకకు విలువ సి విటమిన్ వల్ల, శుభ్రత వల్ల. జావకు విలువ అరుగుదల వల్ల, ఖనిజాల వల్ల. తాజా కూర దొరకని చోట పచ్చి మొలక మందు, దొరికే చోట అది మంచి తిండి. ఎండబెట్టిన మొలక పిండి పసివారికి, ముసలివారికి, దూరం పోయేవారికి బలం. ఈ రెంటినీ వేరుచేసి చూసిన ప్రతిసారీ మొలక మేలు చేసింది, కలిపేసి చూసినప్పుడు మోసపుచ్చింది.